యాసంగి మక్క: కోళ్ల దాణాకు అమ్మాలంటే ఏ గింజ రకం పెట్టాలి?

బోరు_కింద_4_ఎకరాలు:
సిద్దిపేట దగ్గర, చల్క నేల. వానాకాలం వరి కోశాక నవంబరు మొదటి వారంలో మక్క పెడదామని ఉంది. ఇక్కడ కొనేవాళ్లు రెండు తీర్లు: గుడ్ల కోళ్లకు సొంతంగా దాణా పట్టించుకునే ఫారాలు, ఇథనాల్ ఫ్యాక్టరీకి లోడు పంపే వ్యాపారి. దుకాణంలో అడిగితే ప్రతి ప్యాకెట్టూ మంచిదే అంటున్నరు. గట్టి గింజ మంచిదా, నెత్తిన నొక్కు పడే గింజ మంచిదా? రంగుకు ఎక్కువ ధర పెడతరా? 18 తేమ మీద అమ్మితే తరుగులో ఎంత పోతది? మక్క బదులు బార్లీ పెడితే దాణాకు కొంటరా?

దాణా_క్వాలిటీ:
మిల్లు గేటు దగ్గర హైబ్రిడ్ పేరు ఎవరూ అడగరన్నా. బస్తాకు గొట్టం గుచ్చి గింజ తీస్తారు. ముందు తేమ, తర్వాత బూజు, ఆ తర్వాత నూక, పురుగు, చెత్త చూస్తారు. రంగు చివర్లో. మద్దతు ధర కొనుగోలుకైతే తేమ 14%, చెత్త 1% మించకూడదు. ప్రైవేటు మిల్లులు ఎవరి లెక్క వాళ్లు పెట్టుకున్నా తేమ మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది.

రంగు విషయంలో మీ ఇద్దరు కొనుగోలుదార్లకూ తేడా ఉంది. పచ్చసొనకు రంగు ఎక్కువగా మక్కలోని పసుపు వర్ణకాల నుంచి వస్తుంది కాబట్టి గుడ్ల ఫారం వాళ్లకు ముదురు పసుపు, నారింజ గింజ ఇష్టం. పాలిపోయిన గింజ వేస్తే రంగు కోసం దాణాలో వేరే కలపాలి, ఆ ఖర్చు మీ ధరలోనే కోస్తారు. ఇథనాల్‌కు కావలసింది పిండి పదార్థం, రంగుతో పని లేదు. అలాగని బూజు గింజ అక్కడ చెల్లుతుందనుకోవద్దు. పిండి పదార్థం పోయాక మిగిలే పిప్పి పశువుల, కోళ్ల దాణాకే వెళ్తుంది, అందులో బూజు విషం సుమారు మూడింతలు చిక్కబడుతుంది.

గట్టి గింజ, అంటే ఫ్లింట్ రకం, నూర్పిడిలో తక్కువ పగులుతుంది, నిల్వలో పురుగుకు కాస్త ఓర్చుకుంటుంది. నొక్కు గింజ తొందరగా ఆరుతుంది కానీ మిషన్‌లో నూక ఎక్కువ. మీకు మధ్యరకం, నారింజ ఛాయ ఉన్నది చాలు. ప్యాకెట్ మీది బొమ్మ నమ్మకండి. పోయినేడు ఆ రకం వేసిన రైతు దగ్గర కంకి అడిగి, ఒలిచి చూడండి.

గుంటూరు_మెట్ట:
పైన చెప్పింది సరే గానీ, గింజ రకం కన్నా ముందు చూడాల్సింది పంట కాలం. మార్చి చివర, ఏప్రిల్‌లో గాలివాన, వడగళ్లు పడితే ఎంత మంచి గింజైనా కల్లంలో తడిసి నల్లబడుతుంది. నవంబరు మొదట్లో వేస్తే మధ్యకాలిక రకం సరిపోతుంది. డిసెంబరులోకి జారితే పూత, గింజ పాలు పోసుకునే దశ ఎండల్లోకి వెళ్తాయి, కండె కొస దాకా గింజ కట్టదు, తాలు పెరుగుతుంది. అప్పుడు స్వల్పకాలికమే గతి.

60 × 20 సెంటీమీటర్ల దూరంలో ఎకరాకు 33 వేలకు పైగా మొక్కలు వస్తాయి, 8 కిలోల విత్తనం. ఇంకా ఒత్తుగా పెడితే కండెలు చిన్నవై గింజ సన్నబడుతుంది. పూత నుంచి పాల దశ దాకా నీటి తడి తప్పకూడదు. ఆ రోజుల్లో బెట్టకు గురైతే బూజు విషం అఫ్లాటాక్సిన్ చేలోనే మొదలు కావచ్చు, కల్లంలో మాత్రమే కాదు. కంకిలో పురుగు తొలిచిన గింజలు దానికి దారి.

ప్రభుత్వ రకాల్లో డీహెచ్‌ఎం 117 చూడండి, బీఎంఎల్ 6, బీఎంఎల్ 7 అనే రెండు శుద్ధ వరుసలను కలిపిన సింగిల్ క్రాస్ హైబ్రిడ్. ఏ హైబ్రిడ్ అయినా పండిన గింజ మళ్లీ విత్తనానికి పనికిరాదు, దిగుబడి పడిపోతుంది.

కాంటా_లెక్క:
తరుగు లెక్క చెప్తా. 18% తేమ ఉన్న క్వింటాలును 14%కి ఆరబెడితే 95.3 కిలోలు మిగులుతుంది (తేమ పోగా ఉండే ఎండు గింజ 82ను 0.86తో భాగించండి). వ్యాపారి పాయింటుకు, అంటే 14 దాటిన ఒక్కో శాతం తేమకు, కిలో చొప్పున కోస్తే 96 కిలోలకు డబ్బు ఇస్తున్నట్టు. ఎండబెట్టినందుకు మీకే నష్టం, కూలి అదనం. పాయింటుకు కిలోన్నర కోస్తే 94 కిలోలకే ఇస్తాడు. అప్పుడు ఆరబెట్టడంతో క్వింటాలుకు 1.35 కిలో మిగులుతుంది. 2025–26 మద్దతు ధర 2,400 లెక్కన 32 రూపాయలు. టార్పాలిన్ పట్టాలు, హమాలీ అంతకు మించితే వదిలేయండి. పాయింటుకు 2 కిలోలంటే మాత్రం తప్పకుండా ఎండబెట్టాలి. బేరం ధర మీద కాదు, ఈ పాయింటు మీద చేయండి.

బోరు_కింద_4_ఎకరాలు:
ఇది ఎవరూ చెప్పలే, థ్యాంక్స్ అన్నా. మరి కోతకు తయారైందని ఎట్ల తెలుస్తది? తేమ మీటరు లేదు. బార్లీ సంగతి కూడా.

దాణా_క్వాలిటీ:
కంకి నడుమ నుంచి గింజ పీకి, బెండుకు అంటుకున్న మొన దగ్గర గోటితో గీకండి. నల్లటి పొర కనిపిస్తే గింజలోకి ఇక పిండి రాదు. కానీ అప్పుడు తేమ 30 పైనే ఉంటుంది, వెంటనే మిషన్‌కు పెట్టొద్దు. కంకుల మీదే ఆరనిచ్చి, 20 కిందికి దిగాక పట్టించండి. పచ్చిగా పట్టిస్తే గింజ చితికి మొన ఊడుతుంది, బూజు అక్కడే పుడుతుంది. పట్టిన గింజను రాశి పోసి రాత్రంతా పట్టా కప్పి ఉంచితే లోపల వేడెక్కుతుంది. చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే పరిచేయండి.

మీటరు లేకుంటే పొడి సీసాలో మూడో వంతు గింజ, రెండు మూడు చెంచాల బాగా ఎండిన ఉప్పు వేసి రెండు నిమిషాలు ఊపండి. ఉప్పు గోడలకు అంటుకుంటే తేమ 15 దాటినట్టే.

బార్లీ వద్దు. అది రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ చలికి పంట. మన ఫిబ్రవరి ఎండకు గింజ ముడుచుకుపోతుంది. పైగా అందులోని బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు వల్ల కోళ్ల రెట్ట జిగటగా వచ్చి షెడ్డులో కింద పరిచిన పొట్టు తడుస్తుంది, దాన్ని అరిగించే ఎంజైమ్ కలపకుండా ఎక్కువ వేయలేరు. పశువులకు మేతగా, దాణాగా మంచిదే. మీ దగ్గర కొనేది కోళ్లవాళ్లు కదా.

గుంటూరు_మెట్ట:
ఒకటి మర్చిపోయా. నాలుగెకరాలూ ఒకే రకం, ఒకే రోజు విత్తొద్దు. రెండెకరాలు వేసి వారం ఆగి మిగతా రెండు వేయండి. కల్లం, పట్టాలు ఒకేసారి 4 ఎకరాల గింజకు చాలవు.