టిబెట్ వైద్యం ఆయుర్వేదంలో ఒక శాఖేనా?

ఆయుర్వేద విద్యార్థి:
సోవా రిగ్పా, అంటే టిబెట్ సంప్రదాయ వైద్యం, దాని చరిత్ర చదవడం మొదలుపెట్టాను. వాళ్ల మూలగ్రంథం గ్యూషి. నాలుగు తంత్రాలు, అంటే నాలుగు భాగాలు, 156 అధ్యాయాలు. అందులోని మూడు దోషాలు మన వాత, పిత్త, కఫాలే. మన ఆయుర్వేద గ్రంథం, వాగ్భటుడి అష్టాంగహృదయాన్ని 11వ శతాబ్దంలో రిన్‌ఛెన్ జాంగ్పో అనే టిబెట్ పండితుడు టిబెటన్‌లోకి అనువదించాడు. అందులోని భాగాలు గ్యూషిలోకి చేరాయని 1970ల్లో రోనాల్డ్ ఎమ్మెరిక్ అనే పండితుడు చూపించాడు. మరి దీన్ని ఆయుర్వేద శాఖ అంటే తప్పేంటి?

కొండదారి:
తప్పే అంటాను. అప్పు తీసుకున్నది నిజమే, కానీ మీరు నాడి, మూత్ర పరీక్షల అధ్యాయాలు తెరిచి చూడండి. గ్యూషిలో రోగ నిర్ణయానికి అవే ప్రాణం. మూత్రం రంగు, ఆవిరి, వాసన, నురగ, అడుగున తేరే మడ్డి, ఒక్కొక్కటీ వివరంగా ఉంటాయి. చరకుడు, సుశ్రుతుడు, వాగ్భటుడు ముగ్గురిలోనూ నాడి చూసి రోగం చెప్పే పద్ధతి లేదు. మన వైపు అది వాళ్ల తర్వాత చాలాకాలానికి వచ్చిన శార్ఙ్గధరుడి కాలానికి గానీ కనిపించదు. టిబెటన్లు నాడి విషయంలో చైనా వైద్యం నుంచి చాలా తీసుకున్నారు. ఇన్ని చోట్ల నుంచి వచ్చినవాటిని ఏరి, తమ చలికీ, తమ తిండికీ సరిపోయేలా ఒక శాస్త్రంగా కట్టినవాళ్లు ఉన్నారు కదా. శాఖ అనగానే వాళ్లు కనబడకుండా పోతారు. నా బాధ అదే.

పాతపుస్తకం:
కానీ గ్యూషి బుద్ధుడే భైషజ్యగురు, అంటే వైద్యుడైన బుద్ధుడి రూపంలో చెప్పాడని టిబెటన్లే నమ్ముతారుగా? అలా చూస్తే వాళ్లే దాన్ని భారతదేశానికి ఇచ్చేసినట్టు.

కొండదారి:
అందరూ అలా అనలేదండీ. ఈ విషయం మీద అక్కడే కొన్ని వందల ఏళ్లు గట్టిగా వాదించుకున్నారు. బుద్ధవచనమైతే ఇందులో టీ, సత్తుపిండి లాంటి టిబెట్ తిండి ఎలా వచ్చిందని అడిగినవాళ్లు ఉన్నారు. 16వ శతాబ్దపు వైద్యుడు జుర్ఖర్ లోడ్రో గ్యాల్పో దీని మీద రాసిన మాట నాకు ఎంతో ఇష్టం: పైకి బుద్ధవచనం, లోపల పండితుడి శాస్త్రం, రహస్యంగా టిబెటన్ రచన. భక్తి వదలకుండానే నిజం చెప్పిన ధైర్యం అది. 12వ శతాబ్దపు యూథోక్ యోంతెన్ గోన్పో దీనికి ఈ రూపం ఇచ్చాడని ఇప్పటి చరిత్రకారుల్లో ఎక్కువమంది అంటారు.

కృష్ణాతీరం:
భారతీయ శాస్త్రగ్రంథాల అనువాదాలున్న టిబెటన్ తెంగ్యూర్ సంపుటాల్లో యోగశతకం లాంటి వైద్య గ్రంథాలు నాగార్జునుడి పేరున ఉన్నాయి. మన నాగార్జునకొండ పేరులోనూ ఆయనే. తెలుగువాళ్లం ఆ సంగతి చెప్పుకోవద్దా?

కొండదారి:
చెప్పుకుందాం, కానీ జాగ్రత్తగా. మాధ్యమికం అనే బౌద్ధ దర్శనం రాసిన ఆచార్యుడు, రసవాది, వైద్యుడు, ఇలా ఆ పేరు చాలామంది మీద పడింది. వైద్య గ్రంథాలు ఆచార్యుడివే అనడానికి గట్టి ఆధారం లేదు.

ఆయుర్వేద విద్యార్థి:
చైనా నుంచి కూడా వచ్చిందంటున్నారు. రేపు వాళ్లూ మాదే అంటే? లుమ్ అనే ఔషధ స్నానాన్ని 2018లో యునెస్కో జాబితాలో చైనా పేరు మీదే చేర్చారు.

కొండదారి:
అందుకే టిబెట్ చరిత్రగా చదవమంటున్నాను. ఐదో దలైలామా దగ్గర పాలన చూసిన దేశి సంగ్యే గ్యాత్సో గ్యూషికి నీలవైడూర్యం అనే వ్యాఖ్య రాశాడు, దానికి 79 చిత్రపటాలు గీయించాడు, 1696లో లాసాలో చాగ్పోరి వైద్య విద్యాలయం పెట్టాడు. ఇంత పని జరిగింది టిబెట్లో, టిబెటన్ భాషలో. మన దేశ చట్టం కూడా 2010లో సోవా రిగ్పాని ఆయుర్వేదంలో కలపకుండా విడిగానే గుర్తించింది. లేహ్‌లో జాతీయ సంస్థ కూడా వచ్చింది.

ఆయుర్వేద విద్యార్థి:
సిద్ధాంతం మాత్రం మనదేనని నేను ఇంకా అంటాను. వాగ్భటుడి జ్వరాధ్యాయాలు, గ్యూషి మూడో తంత్రంలోని జ్వరాల భాగం పక్కపక్కన పెట్టి చదివి, తేడాలు ఇక్కడే రాస్తాను.

కొండదారి:
రాయండి. జ్వరం వేడి దశ దాటి చలువలోకి తిరిగే ఘట్టానికి గ్యూషిలో ఒక అధ్యాయమే ఉంది, కొండకీ మైదానానికీ మధ్య సరిహద్దు అని. ముందు దాన్ని చూడండి. వాగ్భటుడిలో దానికి జోడు దొరికితే నాకూ చెప్పండి.