ఐదో నెల దాకా బిడ్డ అమ్మమ్మగారింట్లోనే ఉంటే, నాన్న సంగతేంటి?

సత్యనారాయణపురం, విజయవాడ (ప్రశ్న అడిగినవారు):

మా పాపకి ఈ వారంతో 45 రోజులు. మా ఆవిడ పురిటికి గుంటూరు బ్రాడీపేటలో పుట్టింటికి వెళ్ళింది. ఐదో నెలలో మంచిరోజు చూసి పంపిస్తామన్నారు. నేను ప్రతి ఆదివారం పొద్దున్నే నాన్‌స్టాప్ బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తున్నాను. వెళ్ళగానే కాఫీ, ఆ వెంటనే టిఫిను, తర్వాత భోజనం. పాప పడుకుంటే లేపొద్దంటారు, లేస్తే పాలకి తీసుకెళ్తారు. పోయిన ఆదివారం మొత్తంలో నా చేతుల్లో ఉన్నది పావుగంట. మూడో నెలలోనే తీసుకొచ్చేద్దామంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోవట్లేదు. "నెలల పిల్లకి ఇప్పట్నుంచే నువ్వు నేర్పేదేముంది?" అంటున్నారు మా నాన్న. నేను అడిగింది తప్పా?

ఒక అమ్మమ్మ, గుంటూరు:

తప్పు కాదు బాబూ, తొందర. నేను ఇద్దరు కూతుళ్ళకి పురుళ్ళు పోశాను. పచ్చి బాలింతకి వేళకి తిండి, కాస్త నిద్ర కావాలి. రాత్రి నాలుగుసార్లు లేచిన తల్లి పొద్దున ఎనిమిదింటికి పడుకుంటే ఎవరూ ఏమీ అనని ఇల్లు పుట్టిల్లే. అక్కడ నీ ఇంట్లో వంటెవరు చేస్తారు? పాపకి లాల ఎవరు పోస్తారు? నువ్వు ఆఫీసుకి వెళ్ళాక మీ ఆవిడ ఒక్కతే ఉండాలి. బిడ్డకి నేర్పడానికి ముందు చాలా ఏళ్ళున్నాయి.

మొగల్రాజపురం నాన్న (ఇద్దరు పిల్లలు):

పెద్దమ్మగారూ, బాలింత గురించి మీరన్న ప్రతి మాటా నిజం. దానికి ఎదురు చెప్పను. కానీ నేర్పడానికి ముందు చాలా ఏళ్ళున్నాయన్న దగ్గర మాత్రం ఒప్పుకోలేను.

కడుపులో ఆరు నెలలు దాటాక బిడ్డకి శబ్దాలు వినిపిస్తాయి. అమ్మ గొంతు లోపలి నుంచే వింటుంది కాబట్టి పుట్టగానే గుర్తుపడుతుంది. నాన్న గొంతుకి అంత వీలు లేదు, బయటికొచ్చాక పదేపదే వినాల్సిందే. కొత్తలో బిడ్డకి బాగా ఆనేది జానెడు, జానెడున్నర దూరమే. అంటే ఎత్తుకున్నవాళ్ళ మొహమే దానికి లోకం. రెండో నెలకి ఆ మొహం చూసి నవ్వుతుంది, ఊసులు మొదలుపెడుతుంది. తమ్ముడూ, నీ పాప ఇప్పుడు సరిగ్గా ఆ గడప మీదే ఉంది.

మా పెద్దాడు ఐదో నెల నిండాక ఇంటికొచ్చాడు. అప్పటిదాకా నేనూ నీలాగే ఆదివారం చుట్టాన్ని. వాడొచ్చాక నెల రోజులు నేను ఎత్తుకుంటే చాలు, గుక్కపట్టి ఏడ్చేవాడు. మా ఆవిడ స్నానానికి వెళ్ళాలన్నా టెన్షనే. ఆ ఏడుపు నాకిప్పటికీ గుర్తుంది.

చిన్నాడప్పుడు మళ్ళీ అలా కాకూడదనుకున్నాను. తొందరగా తీసుకురావడం కాదు, నేనే అక్కడికి వెళ్ళి పడుకున్నాను. శనివారం డ్యూటీ దిగి గుంటూరు వెళ్ళి, సోమవారం తెల్లవారి బస్సుకి వచ్చేవాణ్ణి. మొదటిరోజే అత్తయ్యగారితో చెప్పాను: "నాకు మర్యాదలొద్దండీ, వాడికి లాల పోయడం నేర్పండి." ఆవిడ చాలా ఇబ్బందిపడ్డారు. అల్లుడు పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. మూడో వారానికి నీళ్ళ వేడి మోచేత్తో చూడటం వచ్చింది నాకు.

ఒకరోజు లాల పోసి, తుడిచి, తొడల మీద పడుకోబెట్టుకున్నాను. వాడు నా వంక చూసి "ఉంగా" అన్నాడు. నేను ఒకటే మాటలు మొదలుపెట్టాను. అత్తయ్యగారు వెనక నుంచి, "ఆగండి బాబూ, వాడికీ సందివ్వండి, మళ్ళీ అంటాడు" అన్నారు. ఆగాను. పెదాలు కదిలాయి, కాలి వేళ్ళు ముడుచుకున్నాయి, కాసేపటికి మళ్ళీ "ఉంగా" అన్నాడు. నేను "ఊ" అన్నాను. వాడు మళ్ళీ అన్నాడు. పది నిమిషాలు అదే మా సంభాషణ.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి చిన్నపిల్లలకి కావాల్సినవి ఐదని చెప్పాయి. ఆరోగ్యం, పోషణ, భద్రతతో పాటు, బిడ్డ సైగని గమనించి బదులివ్వడం, నేర్చుకునే అవకాశాలివ్వడం ఆ ఐదులో ఉన్నాయి. మా అత్తయ్యగారికి ఆ సంగతి తెలియదు, కానీ నాకు నేర్పింది అదే. పలకా బలపం ఎవరూ పట్టించమనట్లేదు. బిడ్డ "ఉంగా" అంటే నాన్న కూడా "ఊ" కొట్టాలి, అంతే.

ఆటోనగర్ షెడ్డు, విజయవాడ:

అన్నా, బాగా చెప్పారు. కానీ మీకు సోమవారం లేటుగా వెళ్తే నడుస్తుందేమో. నేను లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాను. రాని రోజుకి కూలి లేదు. మా బాబు పుట్టినప్పుడు మూడు రోజులు మానేస్తే మూడు రోజుల డబ్బులు పోయాయి. రోజూ రాత్రి వీడియో కాల్‌లో చూసుకునేవాణ్ణి. పిల్లలకి ఫోన్ చూపించకూడదని డాక్టరు అంటే అదీ భయమేసింది.

మొగల్రాజపురం నాన్న:

తమ్ముడూ, నీ బాధ న్యాయమైనది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే ఇద్దరు పిల్లల వరకు 15 రోజుల పితృత్వ సెలవుంది, బిడ్డ పుట్టిన ఆరు నెలల్లోపు వాడుకోవచ్చు. 2017లో తల్లుల సెలవు 26 వారాలకి పెంచారు కానీ ఆ చట్టంలో తండ్రుల ఊసే లేదు. ప్రైవేటులో యజమాని దయ. షెడ్డులో పనిచేసేవాడికి అదీ లేదు. బిడ్డల చదువు గురించి మాట్లాడే ప్రతి ప్రభుత్వాన్నీ ముందు ఇదే అడగాలి.

వీడియో కాల్‌కి భయపడకు. రెండేళ్ళలోపు పిల్లలకి బొమ్మల వీడియోలు వద్దంటారు, నిజమే. కానీ అవతల నిజమైన మనిషి ఉండి బదులిచ్చే కాల్ వేరు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా దానికి మినహాయింపు ఇచ్చింది.

లక్ష్మీపురం అమ్మ, గుంటూరు:

అందరూ బిడ్డ గురించే మాట్లాడారు, బాలింత తరఫున నేను చెప్తాను. మా ఆయన వచ్చినప్పుడల్లా మా అమ్మకి వంట పని రెట్టింపయ్యేది, నేను చీర మార్చుకుని కూర్చోవాల్సి వచ్చేది. ఆయన వెళ్ళాక నాకు ఏడుపొచ్చేది. నాకు కావాల్సింది ఆయన రాత్రి రెండింటికి పాపని భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం. అన్నయ్యా, మూడో నెలలో తీసుకొస్తారా ఐదో నెలలోనా అన్నది మీ ఆవిడని అడగండి. మీ పోస్టులో ఆవిడ మాట ఒక్కటీ లేదు.

సత్యనారాయణపురం, విజయవాడ:

నిజమే చెల్లెమ్మా, అడగలేదు. రాత్రి ఫోన్ చేసి అడిగాను. ఐదో నెల దాకా అమ్మ దగ్గరే ఉంటానంది, "నువ్వే శనివారం వచ్చి ఉండిపోరాదూ" అంది. మావయ్యగారితో కూడా మాట్లాడాను. ఈ శనివారం నుంచి అక్కడే పడుకుంటాను. రాత్రి పాలు తాగాక పాప నాది.

ఒక అమ్మమ్మ, గుంటూరు:

సంతోషం బాబూ. వచ్చేముందు గోళ్ళు బాగా కత్తిరించుకో. వాచీ, ఉంగరం తీసేశాకే పాపని ఎత్తుకో. లాల పోసేటప్పుడు మెడ కింద ఎడమ చెయ్యి మాత్రం తియ్యకు.