ఎస్పీ రోడ్డులో కొన్న ఆకుపచ్చ లేజరు: అసలు శక్తి ఎంత?

మాధవి_మారతహళ్ళి | బుధవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంటు పిల్లలకు శనివారం రాత్రి మేడ మీద నక్షత్రాలు చూపిస్తానని మాట ఇచ్చాను. వేలు చాపి "అదిగో, అదే స్వాతి" అంటే ఒక్కొక్కరు ఒక్కో వైపు చూస్తారు. అందుకని నిన్న ఎస్పీ రోడ్డుకు వెళ్ళి ఆకుపచ్చ లేజరు కొన్నాను, 350 రూపాయలు. 303 అని రాసి ఉండే రకం. వెనుక చిన్న తాళంచెవి, లోపల 18650 బ్యాటరీ. ఇంటికి వచ్చి చూస్తే దాని ఒంటి మీద పసుపు స్టిక్కరుపై "5 మిల్లీవాట్ల లోపు" అని ఉంది, పెట్టె మీద "1000 మిల్లీవాట్లు" అని ఉంది. ఒకే వస్తువుకు రెండు వందల రెట్ల తేడా! కొట్టతనికి ఫోను చేస్తే "రెండూ ఒకటే మేడమ్, కాంతి చాలా దూరం పోతుంది" అన్నాడు.

అసలు శక్తి ఇంట్లో తెలుసుకునే దారి ఉందా? పిల్లల మధ్య వాడవచ్చా? నమ్మకమైనది బెంగళూరులో ఎక్కడ దొరుకుతుంది?

శీను_చిక్కపేట | రాత్రి 9:58

350 ఇచ్చారా! అదే సరుకు నేషనల్ మార్కెట్లో 180కి తెచ్చాను, ఛార్జరుతో సహా. చెప్పిన ధరలో సగం అడిగి వెనక్కి తిరగాలి. నాలుగు అడుగులు వేసేలోపు వాళ్ళే పిలుస్తారు. నాది ఎదురు వీధిలో ఉన్న నీళ్ళ ట్యాంకు మీద చక్కగా పడుతుంది. పొగమంచు ఉన్న రాత్రి గీత గీసినట్టు కనిపిస్తుంది. కాబట్టి 1000 అన్నది నిజమే.

యెలహంక_తండ్రి | రాత్రి 10:21

శీను గారూ, ట్యాంకు మీద కనిపించడం శక్తికి కొలత కాదు. ఆకుపచ్చ కాంతి మన కంటికి మామూలుగానే ఎక్కువ కనిపిస్తుంది. అంతే శక్తి ఉన్న ఎరుపు కన్నా చాలా రెట్లు ప్రకాశంగా ఉంటుంది. ఊదా రంగుదైతే మసకగా కనిపిస్తూనే కన్ను కాల్చగలదు.

రెండేళ్ళ క్రితం మా అబ్బాయి, అప్పుడు పదకొండేళ్ళు, జాతరలో ఇలాంటిదే కొనుక్కున్నాడు. కన్ను ఆర్పకుండా ఎవరు ఎక్కువసేపు చూస్తారని స్నేహితుడితో పందెం వేశాడు. నొప్పి లేదు, నీళ్ళు కారలేదు. నాలుగో రోజు వచ్చి, "నాన్నా, బోర్డు మీద మాటలకు రెండు చివరలూ కనిపిస్తున్నాయి, మధ్య అక్షరం కనిపించడం లేదు" అన్నాడు. స్కాన్ తీశారు. రెటీనా మధ్య భాగంలో, మాక్యులా ఉన్న చోట, పొర చిరిగి ఉంది. చుక్కల మందుతో పోయేది కాదన్నారు. ఇప్పటికీ చదివేటప్పుడు తల కొంచెం పక్కకు తిప్పి పుస్తకం చూస్తాడు. అలా తిప్పినప్పుడల్లా నాకు ఆ పసుపు స్టిక్కరే గుర్తుకు వస్తుంది. దాని మీద కూడా "5 లోపు" అనే ఉంది.

పిల్లల మధ్య వద్దమ్మా.

రాజు_కొలతలు | రాత్రి 10:47

ఇరవై రెండేళ్ళు ప్రయోగశాలలో కొలత పరికరాలు సరిచూసే పని చేసి విరమించాను. ఊహలు ఆపి కొలుద్దాం. మాధవి గారూ, మల్టీమీటరు ఉంటే మొదట బ్యాటరీ నుంచి ఎంత కరెంటు లాగుతుందో చూడండి. నా దగ్గర ఇదే 303 ఉంది. 3.9 వోల్టుల దగ్గర 0.31 ఆంపియర్లు లాగింది. అంటే లోపలికి వెళ్ళేదే 1.2 వాట్లు. అందులోంచి 1 వాటు ఆకుపచ్చ కాంతి బయటికి రావడం ఎలా సాధ్యం? పెట్టె మీది సంఖ్య అబద్ధమని ఇక్కడే తేలిపోయింది.

ఇక బయటికి వచ్చేది. కిరణాన్ని తెల్ల కాగితం మీద పడనిచ్చి, పక్కన స్థిరమైన దూరంలో బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడు (కాంతి పడితే కరెంటు ఇచ్చే చిన్న భాగం) పెట్టి, ముందే శక్తి తెలిసిన 532 నానోమీటర్ల (ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం) లేజరుతో సరిచూసుకున్నాను. నాది 84 మిల్లీవాట్లు. 5 దాటితేనే 3బీ, అంటే కంటికి ప్రమాదకరమైన తరగతి. రాసుకోండి, 84.

కిరణ్_ఫోటానిక్స్ | రాత్రి 11:15

రాజు గారూ, ఆ 84 ఆకుపచ్చ కాంతి శక్తి కాదు.

ఈ లేజరులో ఆకుపచ్చ కాంతి నేరుగా పుట్టదు. 808 నానోమీటర్ల పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) డయోడు ఒక స్ఫటికాన్ని ప్రేరేపిస్తుంది, అది 1064 నానోమీటర్ల పరారుణం ఇస్తుంది, రెండో స్ఫటికం ఆ తరంగదైర్ఘ్యాన్ని సగం చేసి 532గా మారుస్తుంది. మిగిలిన పరారుణాన్ని ఆపడానికి చివర ఒక వడపోత అద్దం ఉండాలి. చౌక రకాలలో తయారీదారులు ముందు మానేసేది ఆ అద్దమే. మీ సిలికాన్ డయోడు 808ని 532 కన్నా దాదాపు రెండింతలు గట్టిగా పట్టుకుంటుంది. మీరు సరిచూసుకున్నది 532తో. కాబట్టి కారుతున్న పరారుణం మీ మీటరులో ఆకుపచ్చ వేషంలో కలిసిపోయింది.

రాజు_కొలతలు | రాత్రి 11:32

బాబూ, నువ్వు పుస్తకంలో చదివి చెబుతున్నావు, నేను చేతితో కొలిచి చెబుతున్నాను. నేను డయోడు పెట్టిన చోట ఆకుపచ్చ తప్ప మరొకటి కనిపించలేదు.

కిరణ్_ఫోటానిక్స్ | రాత్రి 11:36

కనిపించదు కాబట్టే అది పరారుణం. వయసుకు గౌరవం ఇస్తాను, తప్పుడు సంఖ్యకు ఇవ్వలేను. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2010లో ఒక చౌక ఆకుపచ్చ పాయింటరును విప్పి చూపించింది. ఆకుపచ్చ మసకగా ఉంది, పరారుణం మాత్రం 20 మిల్లీవాట్ల దాకా వస్తోంది. 2013లో అదే సంస్థ 122 పాయింటర్లు పరీక్షిస్తే, ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎరుపువాటిలో 44 శాతం పరిమితులకు లోబడి లేవు.

రాజు_కొలతలు | రాత్రి 11:50

సరే, కలిసిందే అనుకో. కంట్లో పడేటప్పుడు కన్ను రంగులు వేరు చేసి కాలుతుందా? మొత్తం ఎంత వస్తుందో అదే ప్రమాదం. నా సంఖ్య ఎక్కువ చూపిస్తే మనిషి జాగ్రత్త పడతాడు. నీ సంఖ్య తక్కువ చూపిస్తే ధైర్యం చేస్తాడు. ఏది మేలు?

యెలహంక_తండ్రి | గురువారం, ఉదయం 6:10

మీరిద్దరూ సంఖ్య కోసం పోట్లాడుతున్నారు. ఆవిడ శనివారం గురించి అడిగింది.

ప్రభాకర్_మాస్టారు | ఉదయం 7:25

పాఠాలకు లేజరు కొనాలనుకునేవారు డబ్బు దండగ చేయకండి. మా కళాశాలలో ప్రొజెక్టర్లు తీసి ఎల్‌ఈడీ తెరలు పెట్టారు. వాటి మీద చుక్క దాదాపు కనిపించదు. కనిపించడం లేదని ఇంకా బలమైనది కొంటే గాజు మీద నుంచి తిరిగి ముందు వరుస విద్యార్థుల ముఖాల మీద పడుతుంది. నేను మళ్ళీ వెదురు కర్రకు వచ్చేశాను.

నంది_వేగుచుక్క | ఉదయం 8:02

పదేళ్ళుగా నంది కొండ మీద ఆకాశం చూపిస్తున్నాను. ఆకుపచ్చ లేజరు లేకుండా రాశులు చూపించడం కష్టం, మాధవి గారి అవసరం నాకు అర్థమైంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు చలిలో ఇది మసకబారిపోతుంది. చల్లబడితే లోపలి డయోడు తరంగదైర్ఘ్యం జరిగిపోతుంది, స్ఫటికం దానిని సరిగా పీల్చుకోదు. స్వెటరు లోపలి జేబులో పది నిమిషాలు పెట్టుకుంటే మళ్ళీ వెలుగుతుంది. బ్యాటరీ అయిపోయిందని చాలామంది పారేస్తారు.

కిరణ్_ఫోటానిక్స్ | ఉదయం 8:20

చలిలో ఆకుపచ్చ తగ్గుతుంది, డయోడు మాత్రం పని చేస్తూనే ఉంటుంది. అప్పుడు స్ఫటికం పీల్చని 808 ఎక్కడికి పోతుందో ఆలోచించండి. మసకగా ఉంది కదా అని ముందు వైపు నుంచి తొంగి చూడకండి.

నంది_వేగుచుక్క | ఉదయం 8:31

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నేను చాలాసార్లు తొంగి చూశాను.

పల్లావరం_వెంకట్ | ఉదయం 9:14

చెన్నై నుంచి. మా ఇంటి మీదుగా విమానాలు చక్రాలు దించుకుని వెళ్తాయి. దిగుతున్న విమానాల మీద లేజరు పడిందని 2025లో వార్తలు వచ్చాక, పోలీసులు మా వీధిలో మేడ మేడకూ ఎక్కి అడిగారు. మా పక్కింటి పిల్లలు గాలిపటం మీద ఎరుపు చుక్క వేసి ఆడుకుంటున్నారు, వాళ్ళ నాన్న స్టేషనులో రాత్రంతా కూర్చున్నాడు. భూమి మీద చుక్క అనుకున్నది అంత దూరం వెళ్ళేసరికి విప్పారి పైలటు ముందున్న అద్దమంతా వెలుగుగా మారుతుంది. మాధవి అక్కా, మీ మారతహళ్ళి పక్కనే హెచ్‌ఏఎల్ రన్‌వే ఉంది. ఇంతమంది మాట్లాడారు, ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు!

శీను_చిక్కపేట | ఉదయం 9:40

ఎక్కడ కొనాలి అన్న ప్రశ్నకు నేనొక్కడినే జవాబు చెప్పాను. చెన్నై రిచీ స్ట్రీట్‌లో కూడా ఇదే సరుకు, ధర ఇంకా తక్కువ. నల్ల కళ్ళజోడు పెట్టుకుంటే సరిపోతుంది.

రాజు_కొలతలు | ఉదయం 9:52

సరిపోదు! ఎండకు పెట్టుకునే అద్దాలు దీనిని ఆపవు. లేజరుతో పాటు ఇచ్చే ఎర్రటి ప్లాస్టిక్ కళ్ళజోడు ఆకుపచ్చను తగ్గించవచ్చు, పరారుణాన్ని ధారాళంగా వదిలేస్తుంది. ఏ తరంగదైర్ఘ్యానికి ఎంత ఆపుతుందో రాసి లేని అద్దాన్ని నమ్మకండి.

కిరణ్_ఫోటానిక్స్ | ఉదయం 10:05

ఇప్పుడు మీరే పరారుణం గురించి చెబుతున్నారు.

మాధవి గారూ, ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఇది. పిల్లలు లేనప్పుడు చేయండి. లేజరును పుస్తకాల మధ్య బిగించండి. తెల్ల కాగితానికి చిన్న రంధ్రం చేసి, దానిలోంచి కిరణం వెళ్ళి 20 సెంటీమీటర్ల వెనుక నిలబెట్టిన పాత సీడీ మీద పడాలి. తిరిగి వచ్చిన చుక్కలు కాగితం మీదే పడాలి. మీరు పక్కన, కిరణం ఎత్తుకు పైన ఉండండి. కాగితాన్ని ఫోను తెరలోనే చూడండి. టీవీ రిమోటు బల్బు ఏ కెమెరాలో వెలుగుతూ కనిపిస్తుందో ఆ కెమెరా వాడండి. మధ్య నుంచి 7 సెంటీమీటర్ల దగ్గర మొదటి ఆకుపచ్చ చుక్క, 18 దగ్గర రెండోది వస్తాయి. 1064 సరిగ్గా రెండో చుక్క మీదే పడుతుంది, ఎందుకంటే అది 532కు రెట్టింపు. కాబట్టి దానిని వెతకకండి. రెండింటి మధ్య, 12 సెంటీమీటర్ల దగ్గర ఏమైనా ఉందా చూడండి. అక్కడ కంటికి ఏమీ కనిపించదు, కెమెరాలో వెలుగు కనిపిస్తే అది కారుతున్న 808 పరారుణమే.

మాధవి_మారతహళ్ళి | గురువారం, రాత్రి 10:30

చేశాను. స్కేలు పెట్టి కొలిచాను. 7 దగ్గర పచ్చ చుక్క, 18కి కొంచెం ఇవతల ఇంకొకటి. మధ్యలో కాగితం తెల్లగా ఖాళీ. ఫోను ముందు కెమెరాలో చూస్తే ఆ ఖాళీలో, 11న్నర, 12 మధ్య, లేత ఊదా రంగు మరక, చిటికెన వేలి గోరంత. లేజరు ఆపితే పోయింది, వేస్తే వచ్చింది. ఖాళీ కాగితం మీద వెలుగు ఉందని తెలిశాక చెయ్యి వణికింది.

రాజు_కొలతలు | శుక్రవారం, సాయంత్రం 5:15

కిరణ్ నిన్న మా ఇందిరానగర్ ఇంటికి వచ్చి బీజీ39 వడపోత అద్దం ఇచ్చి వెళ్ళాడు. ఆకుపచ్చను వదిలి పరారుణాన్ని ఆపే అద్దం. డయోడు ముందు పెట్టాను. 84 కాస్తా 28కి పడిపోయింది. అద్దం మింగే కొద్దిపాటి ఆకుపచ్చను కలిపితే 31. మిగిలినది పరారుణమే. నా 84 తప్పు, ఇక్కడ దిద్దుకుంటున్నాను. 31 అయినా 5కు ఆరు రెట్లు, అది కూడా ఒప్పుకోవాలి.

కిరణ్_ఫోటానిక్స్ | సాయంత్రం 5:40

ఒప్పుకుంటున్నాను. మొత్తం ప్రమాదమే లెక్క అన్న మీ మాట కూడా నిజం. మెరుపు చూసి కంటి రెప్ప పడుతుంది, పరారుణానికి ఆ రక్షణ లేదు.

మాధవి_మారతహళ్ళి | శనివారం, రాత్రి 11:05

లేజరు తీయలేదు. పల్లావరం తమ్ముడు చెప్పినట్టే తొమ్మిదింటికి ఒక హెలికాప్టరు మా మేడ మీదుగా తక్కువ ఎత్తులో వెళ్ళింది. వేగుచుక్క గారు ఫోనులో చెప్పిన ఉపాయం వాడాను: రెండు మీటర్ల వెదురు కర్ర చివర ఎర్ర దారం కట్టి, ఒక్కొక్కరిని నా భుజం దగ్గర నిలబెట్టి చూపించాను. సప్తర్షుల తోక వంపు వెంట స్వాతికి, అక్కడి నుంచి చిత్తకు. పద్నాలుగు మంది పిల్లలు, గంటన్నర పట్టింది.

శీను_చిక్కపేట | రాత్రి 11:30

రాజు గారూ, నా 180 రూపాయలదాన్ని కొలిచి పెడతారా? ఆదివారం తెస్తాను. ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది. ఇప్పుడే దాని తాళంచెవి తీసి బీరువాలో పెట్టాను.

రాజు_కొలతలు | రాత్రి 11:34

తీసుకురండి. ఈలోగా బ్యాటరీ కూడా తీసేయండి. మాధవి గారి తాళంచెవి, నా తాళంచెవి, మీ తాళంచెవి, అన్నీ ఒకటే.