స్వల్ప ఆధిక్యంతో వచ్చిన ప్రజాతీర్పు నిలవాలా?

ప్రశ్న (నారాయణగూడ): 2016 జూన్ 23న బ్రిటన్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 51.9 శాతం మంది ఐరోపా సమాఖ్యను వీడాలని ఓటు వేయగా, మళ్లీ ఓటింగ్ జరపాలన్న వినతిపత్రంపై 40 లక్షలకు పైగా సంతకాలు చేరాయి. నిన్న చిక్కడపల్లి గ్రంథాలయం దగ్గర మిత్రులతో ఇదే వాదన జరిగింది. ఇంత స్వల్ప తేడాతో వచ్చిన ఫలితానికి కట్టుబడటం న్యాయమేనా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

జవాబు (సికింద్రాబాద్): నిలవాలండీ. ఆ వినతిపత్రం కోరినది, పోలింగ్ 75 శాతం లోపు ఉండి, గెలిచిన పక్షానికి 60 శాతం రాకపోతే మళ్లీ ఓటు పెట్టమని. అలాంటి షరతు ముందే చట్టంలో ఉండాలి. 1979లో స్కాట్లాండ్‌కు సొంత శాసనసభ ఉండాలన్న ప్రతిపాదనకు అక్కడ ఓటేసినవారిలో 51.6 శాతం మంది అవునన్నా, మొత్తం ఓటర్లలో 40 శాతం మద్దతు ఉండాలన్న నియమం ముందే ఉన్నందున ఆ ప్రతిపాదన వీగిపోయింది. ఫలితం చూశాక నియమం మార్చడం ఓటరును అవమానించడమే.

జవాబు (మలక్‌పేట): నియమం విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే 2016 నాటి ఓటు చట్టరీత్యా సలహా మాత్రమే. సమాఖ్యను వీడే ప్రక్రియ ప్రారంభించడానికి పార్లమెంటు చట్టం తప్పనిసరి అని 2017 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు 8-3 మెజారిటీతో తీర్పు చెప్పింది. మన తెలంగాణ కూడా ప్రజాభిప్రాయ సేకరణతో కాక, రాజ్యాంగం 3వ అధికరణం కింద పార్లమెంటు చేసిన చట్టంతోనే ఏర్పడింది కదా.

ప్రశ్న అడిగినవారు: సలహా మాత్రమేనన్న సంగతి ఆ ఓటర్లకు ముందుగా ఎంత స్పష్టంగా చెప్పారన్నదే ఇప్పుడు నన్ను బాధిస్తున్న విషయం.