ఏడాది అనుభవానికే ట్రయల్స్ బండి మార్చడం తొందరపాటా?

నిలకడలేనివాడు:

ట్రయల్స్, అంటే రాళ్లు, దుంగలు, వాగుల మీదుగా కాలు దించకుండా మోటారు సైకిలు నడిపే పోటీ, మొదలుపెట్టి 14 నెలలైంది. నాది 1970ల నాటి యమహా టీవై175. వెనక రెండు షాకులు (షాక్ అబ్జార్బర్లు), రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, తీగతో లాగే క్లచ్. కొత్తవారి తరగతిలో పోటీ చేస్తున్నాను. గత పోటీలో పది సెక్షన్లు (హద్దులు కట్టిన అడ్డంకుల దారులు), మూడు రౌండ్లు, అంటే ముప్పై ప్రయత్నాలు. మొత్తం 58 పాయింట్లు పోగొట్టుకున్నాను. ఈ ఆట తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను: ఇక్కడ వేగానికి లెక్క లేదు. సెక్షన్‌లో కాలు ఒకసారి నేలకు పెడితే 1, రెండుసార్లైతే 2, అంతకు మించితే 3, పడిపోయినా హద్దు దాటినా 5 పడుతుంది. తక్కువ పాయింట్లు వచ్చినవాడే గెలుస్తాడు.

నా పరిచయస్తుడు ఒకాయన నాలుగేళ్లు వాడిన 300 సీసీ టూ స్ట్రోక్ బండిని అమ్ముతున్నాడు. దానికి డిస్కు బ్రేకులు, ఒక్క వేలితో ఆడే హైడ్రాలిక్ క్లచ్ ఉన్నాయి, బరువు 70 కిలోల లోపే. నాది 80 కిలోలు దాటుతుంది. మూడో రౌండుకు వచ్చేసరికి నా ఎడమ చెయ్యి క్లచ్ నొక్కలేనంతగా పట్టేస్తుంది. ఇప్పుడు బండి మార్చడం సబబేనా, లేక పని రాక పనిముట్టును తిడుతున్నానా? ఏది నిజమో నాకు తేలడం లేదు.

రాతిమెట్టు:

మార్చండి, ఆలస్యం చేయకండి. పాత బండి మీద నేర్చుకుంటే పునాది గట్టిపడుతుందన్న మాట నేను చాలాసార్లు విన్నాను, కానీ అది సగమే నిజం. పాత బండి కొన్ని అలవాట్లను కూడా నేర్పుతుంది, వాటిని తర్వాత పనిగట్టుకుని వదిలించుకోవాలి. మీ బండికి ఫుట్‌రెస్టులు ఎత్తుగా, ముందుకు ఉంటాయి. నేటి బండ్లలో అవి కిందికి, వెనక్కి జరిగాయి. దాంతో ముందు చక్రం లేపడానికి శరీరాన్ని కదిపే తీరే వేరు. ఇక క్లచ్ విషయం. నేటి పద్ధతిలో ఒక వేలు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంటుంది, సెక్షన్ మొత్తం దాన్ని వెంట్రుకవాసి దూరాల్లో నొక్కుతూ వదులుతూ సాగాలి. నాలుగు వేళ్లతో లాగవలసిన తీగ క్లచ్ మీద ఈ పని నేర్చుకోవడమంటే గడపార పట్టుకుని అక్షరాలు దిద్దడమే.

పేరుమోసిన ట్రయల్స్ రైడరు శామీ మిల్లర్ అంతటివాడు 500 సీసీ ఏరియల్ మీద ఎన్నో గెలిచి కూడా, 1964 చివర్లో దాన్ని వదిలి ఎంతో తేలికైన బుల్టాకో షెర్పాకు మారాడు. 1965లో ఆ బండితోనే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచాడు. ఆయనకే తేలిక బండి అవసరమైనప్పుడు మనకెందుకు ఈ మొహమాటం?

డ్రమ్ముబ్రేకు:

మిల్లర్ ఉదాహరణ మీ వాదనకు ఎదురు తిరుగుతుందని గమనించారా? 100 కిలోలు దాటిన ఏరియల్ మీద ఆయన అదే పోటీని 1962లో, 1964లో గెలిచాడు. అంటే ఆ బండి నుంచి రాబట్టవలసినదంతా రాబట్టిన తర్వాతే మారాడు. ఇక్కడ అడుగుతున్న మిత్రుడు టీవై175 నుంచి ఇంకా సగమైనా రాబట్టలేదని 58 పాయింట్లే చెబుతున్నాయి. నేను ఆయనను తక్కువ చేయడం లేదు. నా మొదటి ఏడాది లెక్కలు ఇంతకంటే ఘోరం.

కొత్తవారి తరగతిలో సెక్షన్లు పాత బండ్లు కూడా కాలు పెట్టకుండా దాటగలిగేలాగానే వేస్తారు. అక్కడ పోయే పాయింట్లలో ఎక్కువ భాగం బండి బలహీనత వల్ల పోవు. మలుపులో చూపు ముందు చక్రం మీదే నిలిచిపోవడం వల్ల, కాలినడకన సెక్షన్ చూసినప్పుడు మధ్యలోని రాయిని మాత్రమే చూసి బయటకు వచ్చే దారిని చూడకపోవడం వల్ల, భయంతో అవసరం లేకపోయినా కాలు దించడం వల్ల పోతాయి. ఈ మూడింటినీ ఏ హైడ్రాలిక్ క్లచ్చూ బాగుచేయదు. పైగా తేలిక బండి తప్పును క్షమించదు. దాని స్టీరింగు కోణం నిటారుగా ఉంటుంది కాబట్టి ముందు చక్రం చటుక్కున తిరుగుతుంది, వెనక షాకు విదిలిస్తుంది, 300 ఇంజను కుడి మణికట్టు కాస్త వణికినా బండిని మీ కాళ్ల కింద నుంచి లాగేసుకుంటుంది. మీ పాత బండి బరువు, మెల్లగా స్పందించే ఇంజను మీ తప్పులను ఇప్పుడు చాలావరకు మింగేస్తున్నాయి. ఆ సంగతి బండి మారిన రోజున తెలుస్తుంది.

పానా:

వాదన బాగుంది గానీ, బండి ప్రస్తుతం ఏ స్థితిలో ఉందో ఎవరూ అడగలేదు. యాభై ఏళ్ల బండిలో క్లచ్ బరువుగా ఉందంటే, అది తయారైనప్పుడే అంత బరువుగా ఉందని అర్థం కాదు. తీగ లోపల తుప్పు పట్టి ఉండవచ్చు, ట్యాంకు కింద మరీ ఇరుకుగా వంచి బిగించి ఉండవచ్చు, లీవరు ఇరుసు దగ్గర గ్రీజు ఎండిపోయి ఉండవచ్చు. కొత్త తీగ వేసి, వంపులు తగ్గించి బిగిస్తే వచ్చే తేడా చూసి నోరెళ్లబెట్టినవారిని నేనెరుగుదును. తర్వాత వెనక టైరు. ట్రయల్స్ టైరు గడుల అంచులు గుండ్రబడితే తడి రాయి మీద పట్టు సగం పోతుంది, గాలి 4 పీఎస్ఐ దగ్గర ఉందో లేదో కొలిచే మీటరు చాలామంది కొత్తవారి దగ్గర ఉండనే ఉండదు. మామూలు పంపు మీటరు అంత తక్కువ ఒత్తిడిని సరిగా చూపదు. స్టీరింగు బేరింగుల్లో గుంటలు పడితే హ్యాండిలు నేరుగా ఉన్నచోట పట్టినట్టు ఆగుతుంది. అప్పుడు నిలకడ మీకు లేదని మిమ్మల్ని మీరు తిట్టుకుంటారు.

ఇక ఆ 300 కొనేటట్టయితే వెనక చక్రాన్ని పట్టుకుని పైకెత్తి వదలండి. షాకు కింది లింకేజీలో ఖాళీ ఉంటే టకటకమని తెలుస్తుంది. ఇంజను వేడెక్కేవరకు ఆగి ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి. ఇంజను కింది రక్షణ పలకను విప్పించి, లోపల కేసుకు పగుళ్లున్నాయేమో చూడండి. ఆ పని చేయనివ్వని వాడి దగ్గర కొనకండి. హైడ్రాలిక్ క్లచ్‌లో కొన్నిటికి మినరల్ ఆయిలు, కొన్నిటికి బ్రేకు ఆయిలు పోయాలి, ఒకదానిలో ఒకటి పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ఆ 300ను మచ్చిక చేసుకోవడానికి దారులు లేకపోలేదు: నెమ్మదిగా తెరుచుకునే థ్రాటిల్ గొట్టం, ఫ్లైవీల్‌కు (ఇంజనుతో పాటు తిరిగే బరువు చక్రానికి) అదనపు బరువు. ఆ రెండూ వేసిన 300 చాలా మర్యాదగా నడుస్తుంది. మోంటెసా కోటా 4ఆర్‌టీ లాంటి ఫోర్ స్ట్రోక్ కూడా పరిశీలించవచ్చు. కాస్త బరువు ఎక్కువే గానీ, దిగుడులో ఇంజను బ్రేకింగు కొత్తవారికి ధైర్యాన్నిస్తుంది.

రాతిమెట్టు:

పానా గారూ, తీగ మార్చవచ్చు, టైరు మార్చవచ్చు. డ్రమ్మును డిస్కుగా మార్చగలరా? వాగు దాటి వచ్చిన వెంటనే ఏటవాలు దిగవలసి వస్తే తడిసిన డ్రమ్ము పట్టదు. అప్పుడు రైడరు చేసేది నేర్చుకోవడం కాదు, దేవుణ్ణి తలుచుకోవడం.

అబ్జర్వర్ కుర్చీ:

నేను పోటీ చేయడం మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు సెక్షన్ పక్కన కూర్చుని పాయింట్లు వేస్తుంటాను. అక్కడి నుంచి చూస్తే ఈ చర్చలో ఒక లోపం కనిపిస్తోంది. 58 అనే సంఖ్యను ఇరుపక్షాలూ వాడుకుంటున్నాయి గానీ, అవి ఎక్కడ పోయాయో ఎవరికీ తెలియదు. నిలకడలేనివాడు గారూ, మీ స్కోరు కార్డు ఉంటే రౌండు వారీగా, అడ్డంకి రకం వారీగా విడదీసి చెప్పండి. దుంగ ఎక్కలేక పోయాయా, మలుపులో పోయాయా, కష్టమైనది దాటాక సంతోషంలో చూపు సడలి పోయాయా? ఈ మూడో రకం కొత్తవారిలో ఎంత ఎక్కువో చెబితే నమ్మరు. అతి కష్టమైన మెట్టును శుభ్రంగా ఎక్కి, ఏ అడ్డంకీ లేని ఆఖరి గేటు (దాటవలసిన రెండు గుర్తుల మధ్య సందు) దగ్గర కాలు దించుతారు. నాకు పాయింటు వేయడానికి చెయ్యి రాదు, కానీ వేస్తాను.

తర్వాత, కొనేముందు బండ్లు మార్చుకుని చూడండి. ఖాళీ మైదానంలో ఒక చుట్టు తిరిగితే ఏ బండైనా బాగానే ఉంటుంది. అవే సెక్షన్లలో, మీ బండితో, ఇంకో బండితో, సమానంగా ప్రయత్నించి పాయింట్లు రాయించుకోండి. ఇంకో సంగతి, రెండు షాకుల బండ్లకు ప్రత్యేక తరగతి ఉన్న పోటీల్లో, మీరు కొత్త బండికి మారితే ఆ తరగతి వదులుకోవాలి. కొందరికి అది పెద్ద నష్టమే.

నిలకడలేనివాడు:

రెండు వారాలు ఆలస్యంగా జవాబిస్తున్నందుకు క్షమించండి. ముందు కార్డు సంగతి. 58లో 22 దుంగ మెట్లున్న రెండు సెక్షన్లలోనే పోయాయి, 24 ఏటవాలు మలుపుల్లో, మిగిలిన 12 అక్కడక్కడ. రౌండు వారీగా 15, 17, 26. మూడో రౌండు లెక్క చూసుకుని నాకే సిగ్గేసింది.

పానా గారు చెప్పినట్టు కొత్త తీగ వేసి, వంపు సరిచేశాను. మునుపు నాలుగు వేళ్లు కావలసిన క్లచ్ ఇప్పుడు రెండు వేళ్లతో వస్తోంది. పాత తీగ తొడుగు లోపలి నుంచి తుప్పు పొడి రాలింది. వెనక టైరు కూడా మార్చాను. తర్వాత మూడు సెక్షన్లు వేసుకున్నాం: ఒకటి దుంగ మెట్టు, ఒకటి ఏటవాలు మలుపు, ఒకటి రాళ్ల వాగు. నా బండి, ఒక మిత్రుడి 250 సీసీ బండి, అమ్మకానికున్న 300. ఒక్కో దానితో ఒక్కో సెక్షన్ నాలుగుసార్లు. వేరొకరు పాయింట్లు రాశారు.

నా టీవై: దుంగ 10, మలుపు 5, వాగు 4, మొత్తం 19. మిత్రుడి 250: దుంగ 1, మలుపు 10, వాగు 6, మొత్తం 17. ఆ 300: దుంగ 7, మలుపు 15, వాగు 5, మొత్తం 27, అందులో రెండుసార్లు మలుపులో హద్దు తాడు తెంపుకుని బయటపడ్డాను.

డ్రమ్ముబ్రేకు:

మీ నిజాయితీకి నమస్కారం. కొత్త తీగ, కొత్త టైరు వేశాక పాత బండికీ 250కీ తేడా రెండే పాయింట్లు. మలుపుల్లో మీ పాత బండే సగానికి సగం మెరుగ్గా ఉంది. గత పోటీలో మీరు అన్నిటికంటే ఎక్కువ పోగొట్టుకున్నది మలుపుల్లోనే కదా. ఇంకేం కావాలి?

రాతిమెట్టు:

అదే లెక్కను నేను మరోలా చదువుతాను. ఒక బండి మీద ఆయనకు 14 నెలల అలవాటు ఉంది, రెండోదాని మీద అరపూట. అరపూట అలవాటున్న బండి ఏడాది దాటి అలవాటున్న బండిని అప్పుడే రెండు పాయింట్లతో దాటింది. దుంగ దగ్గర 10 ఒక్కసారిగా 1కి దిగింది. అది రైడరులో వచ్చిన మార్పు కాదు, బండిలో ఉన్న గుణం. మలుపులో పోయిన 10 మాత్రం అలవాటుతో తగ్గేవే. నాలుగు ప్రయత్నాలకే తీర్పు చెప్పడం తొందరపాటు. 300 విషయంలో మాత్రం నేను ఓడిపోయాను, దాన్ని సిఫారసు చేయకుండా ఉండవలసింది.

అబ్జర్వర్ కుర్చీ:

రాతిమెట్టు గారి చదువు నాకు బలంగానే తోస్తోంది, కానీ ఒక ప్రశ్న. 250 మీద మలుపు పాయింట్లు ప్రయత్నం వారీగా ఎలా ఉన్నాయి? అలవాటుతో తగ్గేవే అయితే ఆ నాలుగింటిలోనే కొంత దిగుదల కనబడాలి.

నిలకడలేనివాడు:

మలుపులో వరుసగా 3, 2, 2, 3. దిగుదల లేదు, నాలుగోసారి చెయ్యి అలసిందని సాకు చెప్పడానికి కూడా లేదు, అంత తేలికైన క్లచ్ అది. వాగులో మాత్రం 3, 2, 1, 0. అంటే రాళ్ల మీద ఆ బండికి నేను అలవాటు పడ్డాను, మలుపులో పడలేదు. మలుపులో నా చూపు చక్రం మీదే ఉంటోందని పాయింట్లు రాసినాయన కూడా అన్నాడు. డ్రమ్ముబ్రేకు గారు చూడకుండానే చెప్పిన మాట అది.

300 వద్దని అమ్మేవారికి చెప్పేశాను. 250 ఇచ్చిన మిత్రుడు వచ్చే పోటీకి రావడం లేదు, బండి తీసుకెళ్లమన్నాడు. ఈలోపు నెల రోజులు టీవై మీద ఏటవాలు మలుపులు తప్ప వేరే ఏదీ చేయకూడదని అనుకుంటున్నాను. పోటీ ముగిశాక ముప్పై ప్రయత్నాల కార్డు రౌండు వారీగా ఇక్కడే పెడతాను. అప్పుడు మళ్లీ కొట్లాడుకుందురు గాని.