సుషిమా ఆటలో కురొసావా మోడ్: రంగు తీసేస్తే సరిపోతుందా?

వెండితెర_పిచ్చి:
'ఘోస్ట్ ఆఫ్ సుషిమా' (2020) అనే సమురాయ్ వీడియో గేమ్ ఆడినవాళ్లకు కురొసావా మోడ్ తెలిసే ఉంటుంది. ఆన్ చేస్తే బొమ్మ నలుపు తెలుపులోకి మారుతుంది, పాత రీలు మీద ఉండే మచ్చలు కనిపిస్తాయి, గాలి పెరుగుతుంది, మాటలు పాత రేడియోలోంచి వస్తున్నట్టు వినిపిస్తాయి. ఆట తయారుచేసిన సక్కర్ పంచ్ వాళ్లు జపాన్ సినిమా దర్శకుడు అకిరా కురొసావా వారసుల అనుమతితోనే ఆ పేరు పెట్టారు. అయినా నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. 'సెవెన్ సమురాయ్' (1954) చివరి పోరాటాన్ని ఆయన ఒకేసారి కొన్ని కెమెరాలు పెట్టి వానలో, బురదలో తీశారు. దూరం నుంచి టెలిఫోటో లెన్స్ వాడటంతో గుర్రాలూ మనుషులూ ఒకరి మీద ఒకరు పడుతున్నట్టు ఉంటుంది. ఆటలో కెమెరా హీరో జిన్ సకాయ్ వెనకాలే తిరుగుతుంది, తిప్పేది నేను. ఫ్రేమ్ దర్శకుడి చేతిలో లేనప్పుడు ఆయన పేరెందుకు?

ఈదురుగాలి:
ఫ్రేమ్ ఒక్కటే సినిమా అంటే నేను ఒప్పుకోనండి. ఆటలో స్టాండాఫ్, అంటే పోరాటానికి ముందు శత్రువుకు ఎదురుగా నిలబడే ఘట్టం, గుర్తు చేసుకోండి. కురొసావా 'సంజురో' (1962) చివర్లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చాలాసేపు కదలరు. తర్వాత ఒక్కటే వేటు, అంతే. ఆటలో బటన్ నొక్కి పట్టుకోవాలి, శత్రువు నిజంగా మీద పడినప్పుడే వదలాలి. వాడు మధ్యలో ఉత్తుత్తిగా ఒక అడుగు వేసి మనల్ని తొందరపెడతాడు. ముందే వదిలేస్తే మనకే దెబ్బ. సినిమాలో ఆ నిశ్శబ్దాన్ని మనం చూస్తాం, ఇక్కడ మన వేలు దాన్ని మోయాలి. ఏ ఫిల్టరూ ఈ పని చేయలేదు.

గాలి సంగతి కూడా చెప్పాలి. వెళ్లాల్సిన దారి చూపడానికి తెర మీద బాణం గుర్తు ఉండదు. గాలి వీస్తుంది, గడ్డి ఆ వైపు వాలుతుంది, మనం వెళ్తాం. 'యోజింబో' (1961)లో ఊరి వీధిలో లేచే దుమ్ము చూసినవాళ్లకు ఈ ఆలోచన ఎక్కడిదో చెప్పక్కర్లేదు. ఆయన సినిమాల్లో వాన, గాలి, ఎండ ఊరికే ఉండవు, పాత్రలతో పాటు నటిస్తాయి. ఆట తీసిన వాళ్లకు అది అర్థమైంది.

గింకో_ఆకు:
మీరు చెప్పినవన్నీ రంగుల్లో ఆడినా ఉంటాయి కదా? అలాంటప్పుడు రంగు తీసేయడం దేనికి? ఆటలోని సుషిమా దీవిని గీసిందే రంగులతో. పసుపు గింకో అడవి, ఎర్రటి మేపుల్ ఆకులు బూడిద రంగులోకి మారితే ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా తగ్గిపోతుంది. పైగా 'రాన్' (1985)లో ముగ్గురు కొడుకుల సైన్యాలకు పసుపు, ఎరుపు, నీలం జెండాలు పెట్టింది ఆ దర్శకుడే. రంగుల్లో ఆడితేనే ఆయనకు దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

వెండితెర_పిచ్చి:
నేననేదీ అదే. నలుపు తెలుపు కావాలనుకుంటే మొదటి నుంచీ అలాగే గీయాలి. పోలండ్‌కు చెందిన ఫ్లయింగ్ వైల్డ్ హాగ్ సంస్థ 2022లో 'ట్రెక్ టు యోమి' అనే నలుపు తెలుపు సమురాయ్ ఆట తెచ్చింది. అందులో కెమెరా మన చేతిలో ఉండదు. తగలబడుతున్న ఊళ్లో హీరో హిరోకి ఎక్కడో మూల చిన్నగా కనిపిస్తాడు, ముందు విరిగిన కంచె, వెనక పొగ. ప్రతి ఫ్రేమూ ఎవరో కూర్చుని పేర్చినట్టు ఉంటుంది.

ఈదురుగాలి:
చూడటానికి అద్భుతం, కాదనను. కానీ కత్తి తీయగానే పక్క నుంచి చూపించే రెండు దిక్కుల ఆటైపోతుంది. కొంతసేపటికి ఒకటి రెండు దెబ్బలే తిప్పి తిప్పి వాడుతుంటాం. ఫ్రేమ్ కోసం పోరాటాన్ని వదులుకున్నారు. సమురాయ్ ఆటలో అది చాలా పెద్ద నష్టం.

చరిత్ర_విద్యార్థి:
ఒక్క మాట. 'ఘోస్ట్ ఆఫ్ సుషిమా' కథ 1274లో జపాన్ మీద జరిగిన మంగోల్ దాడిది. 'సెవెన్ సమురాయ్' కథాకాలం 16వ శతాబ్దం, 'యోజింబో' 19వ శతాబ్దం. జిన్ వేషం, కత్తి, హైకూలు అన్నీ 1274 తర్వాతి కాలాలవే. అంటే వీళ్లు సుషిమాను చరిత్రలోంచి కాక సినిమాల్లోంచి కట్టారు. కాబట్టి మోడ్ ఆఫ్ చేసినా ఆట మొత్తం సినిమాకే రుణపడి ఉంది.

గింకో_ఆకు:
అయితే కురొసావా మోడ్‌లో స్టాండాఫ్ వరకైనా కెమెరాను దూరంగా ఒకచోట బిగించి ఉంటే బాగుండేది. అక్కడ మనం ఎలాగూ నడవం, కెమెరా తిప్పాల్సిన అవసరమూ లేదు.

వెండితెర_పిచ్చి:
అది చేసి ఉంటే నేను ఈ చర్చే మొదలుపెట్టేవాణ్ని కాదు.