డెమరేజ్ మొదలయ్యాక వాన పడితే ఆ టైము ఎవరి ఖాతాలోకి?

గాజువాక_కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఎరువులు ఇంపోర్టు చేసే కంపెనీలో కొత్తగా చేరాను, లేటైమ్ (ఓడ నుంచి సరుకు దించడానికి ఇచ్చే గడువు) లెక్కలు నా నెత్తిన పెట్టారు. మొన్న విశాఖలో యూరియా ఓడ ఖాళీ అయింది. సరుకు 33,000 టన్నులు, వెదర్ వర్కింగ్ డేకి (వాతావరణం పనికి అనుకూలించిన రోజుకి) 6,000 టన్నుల చొప్పున దించాలి, ఆదివారాలూ సెలవులూ కలిపే లెక్క, అంటే మాకున్న గడువు ఐదున్నర రోజులు. సోమవారం పొద్దున 10కి బయట యాంకరేజ్‌లోనే (లంగరు వేసే చోటే) ‘ఓడ సిద్ధం’ అని నోటీస్ ఆఫ్ రెడీనెస్ ఇచ్చారు, కాంట్రాక్టు జెన్‌కాన్ 94 అనే ప్రామాణిక ఫారం కాబట్టి మధ్యాహ్నం 1కి టైము మొదలు. బెర్త్ (రేవులో ఓడ కట్టే చోటు) దొరికింది శుక్రవారం రాత్రి. ఆదివారం తెల్లవారుజామున 5కి పట్టుకున్న వాన సోమవారం మధ్యాహ్నం 12 దాకా వదల్లేదు, హ్యాచ్‌లన్నీ (సరుకు గదుల మూతలు) మూసేసి కూర్చున్నారు. ఆ 31 గంటలకీ రోజుకు 15,000 డాలర్ల చొప్పున 19,375 డాలర్లు డెమరేజ్ (గడువు దాటినందుకు కట్టే సొమ్ము) వేశారు ఓడ ఓనర్లు. వాన టైము లెక్కలోకి రాదని కాంట్రాక్టులోనే ఉంది కదా? రేపటికల్లా జవాబు రాయాలి, టెన్షన్‌గా ఉంది.

లంగరు_మామ:
ఉంది తమ్ముడూ, కానీ ఆ మినహాయింపు లేటైమ్‌కి, డెమరేజ్‌కి కాదు. లేటైమ్ అంటే సరుకు దించుకోవడానికి అద్దెలోనే కలిపి ఇచ్చిన గడువు. అది దాటితే నువ్వు ఒప్పందం తప్పినట్టే, డెమరేజ్ దానికి ముందే ఖాయం చేసుకున్న నష్టపరిహారం. ఒకసారి అందులో పడ్డాక వానైనా ఆదివారమైనా ఆగదు, ఆపాలంటే చార్టర్ పార్టీలో (ఓడ అద్దె ఒప్పందంలో) ఆ మాట విడిగా రాసి ఉండాలి. బిమ్‌కో వగైరా నౌకా రంగ సంస్థలు కలిసి 2013లో తెచ్చిన లేటైమ్ నిర్వచనాల్లోనూ ఇదే ఉంది. 1978లో ‘ది డయాస్’ కేసులో గడువు దాటాక జరిగిన ఫ్యూమిగేషన్ (పురుగు మందు పొగ పెట్టడం) టైము కూడా చార్టరర్ (ఓడ అద్దెకు తీసుకున్నవాడు) మీదే వేసింది బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్. మీ గడువు శనివారం అర్ధరాత్రి దాటి 1కే, అంటే ఆదివారం మొదట్లోనే, అయిపోయింది, వాన వచ్చింది 5కి.

రొయ్యల_కంటైనర్:
మాకు టెర్మినల్లో ఫ్రీ డేస్ దాటితే డెమరేజ్, ఖాళీ కంటైనర్ లైన్‌కి ఆలస్యంగా తిరిగిస్తే డిటెన్షన్ వేస్తారు. వాన, తుపాను అంటే ఎవడూ వినడు.

లంగరు_మామ:
అది కంటైనర్ల డెమరేజ్, వేరే సంగతి బాబూ, ఇక్కడ కలపకు.

ఔటర్_హార్బర్:
మామా, తొందరపడుతున్నారు. కుర్రాడూ, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఓడ బయట ఆగింది కదా, ఆ రోజుల్లో హార్బర్‌లో ఎప్పుడైనా వాన పడిందా? స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్‌లో (ఓడ పని ఎప్పుడు ఎలా జరిగిందో రాసే రికార్డులో) ఆ కాలానికి ఏం రాశారు?

గాజువాక_కుర్రాడు:
‘బెర్త్ కోసం నిరీక్షణ’ అని ఒక్క లైనే ఉందండి. గురువారం సాయంత్రం 4 నుంచి రాత్రి 11 దాకా మాత్రం గట్టిగా కురిసింది, ఇక్కడ రోడ్లన్నీ నీళ్లే.

ఔటర్_హార్బర్:
అయితే నీ పంట పండింది. యాంకరేజ్‌లో ఉన్నా టైము బెర్త్‌లో ఉన్నట్టే లెక్కించాలని జెన్‌కాన్ 94 ఆరో క్లాజు. బెర్త్‌లో ఉన్నట్టే అంటే వాన మినహాయింపు కూడా వర్తించాలి కదా, ఓనర్లు మాత్రం తమకు పనికొచ్చే సగమే తీసుకున్నారు. ఆ 7 గంటలు తీసేస్తే గడువు ఆదివారం ఉదయం 8 దాకా సాగుతుంది. 5కి వాన మొదలైనప్పుడు నీకు ఇంకా 3 గంటలు మిగిలే ఉన్నాయి, కాబట్టి ఆ 31 గంటలూ లేటైమ్ లోపల పడ్డ వానే. గడువు ముగిసేది సోమవారం మధ్యాహ్నం 3కి. మొత్తం 38 గంటలు, 23,750 డాలర్లు నీ వైపు వస్తాయి. అయితే రైడర్ క్లాజుల్లో (ఫారంకి అదనంగా చేర్చిన షరతుల్లో) దీనికి విరుద్ధంగా ఏమీ లేదని ముందు చూసుకో.

లంగరు_మామ:
ఇది ఒప్పుకోవాల్సిందే. కానీ వాన పడిందని రుజువు ఏది? గాజువాక రోడ్ల మీద నీళ్లున్నాయంటే తగువు తీర్చే లండన్ ఆర్బిట్రేటర్ వినడు. వాతావరణ శాఖ వాళ్లు వాల్తేరులో, ఎయిర్‌పోర్టులో వాన కొలుస్తారు గానీ మామూలుగా ఇచ్చేది ఉదయం 8:30కి తీసిన రోజు మొత్తం, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి తగ్గిందో అందులో ఉండదు.

ఔటర్_హార్బర్:
అందుకే గురువారం పక్క బెర్తుల్లో ఎరువుల ఓడ ఏదైనా ఉందేమో వాకబు చెయ్యి. దాని స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్‌లో వానకు పని ఆపిన గంటలు నిమిషాలతో సహా ఉంటాయి. బొగ్గు ఓడ కాగితాలు తెచ్చావంటే పనికి రావు, వాళ్లు వానలో కూడా గ్రాబ్ (సరుకు తోడే క్రేన్ తొట్టి) ఆపరు. స్టీవ్‌డోర్ (సరుకు దించే కాంట్రాక్టర్) దగ్గర షిఫ్టు రిపోర్టులు కూడా అడుగు, రేపు మెయిల్‌కి అవి జత చేసి పంపు.